చప్పుడు లేని మిషన్లు

కంప్యూటర్లు తయారుచేసే కంపెనీ నుంచి వచ్చిన మనిషి మరీ మర్యాదగా ఉన్నాడు. కూపీ అక్కకి మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

ఆ గదికి బయటివాళ్ళు రావడం కొత్తేమీ కాదు. కరెంటు పనివాడు నిచ్చెనతో సహా తోసుకుని వస్తాడు. నెట్ బాగుచేసేవాడు కాళ్ళు తియ్యమని కూడా అడక్కుండా బల్లల కిందికి దూరతాడు. ఈ మనిషి మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా అండీ?" అని అడిగి, ఎవరూ జవాబు చెప్పకపోయినా థాంక్స్ చెప్పి మరీ లోపలికి వచ్చాడు. చేతిలో టాబ్లెట్, మెడలో కార్డు, మొహం నిండా నవ్వు.

"మా కంపెనీ కొత్త మోడళ్ళు తెస్తోందండీ. డెస్క్‌టాపులు, లాప్‌టాపులు రెండూను. రోజంతా వాటితో పనిచేసేవాళ్ళకి అసలేం కావాలో తెలుసుకుందామని వచ్చాను. మీ మనసులో ఏముందో అది చెప్పండి, చాలు," అన్నాడు. పాపం, గొంతు చించుకుని చెప్పాడు. ఆ గదిలో అరవకపోతే వినబడదు.

అది బీమా కంపెనీవాళ్ళ టైపింగ్ గది. జనం చేత్తో నింపిన క్లెయిము కాగితాలు ఫొటోలుగా తెరమీదికి వస్తాయి. వాటిని చదివి గడుల్లోకి ఎక్కించడం అక్కడివాళ్ళ పని. కంప్యూటర్లన్నీ ముసలివి. ఒక్కోదాని కడుపులో ఒక్కో ఫ్యాను పిండిమరలా రోద పెడుతుంది. పొద్దున్నే అన్నీ ఆన్ చేసేసరికి గదంతా ఒకటే హోరు. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళు తలనొప్పి మాత్రలు మింగుతారు, ఆ తర్వాత మర్చిపోతారు.

కూపీ అక్కకి ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరి జ్వరం నిజం జ్వరమో, ఎవరు వేరే ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చారో కూర్చున్న చోటినుంచే కూపీ లాగేస్తుంది. పిలిస్తే పలుకుతుంది, కోపం లేదు. కానీ కొంతకాలంగా ఆవిడ దగ్గరే ఒక సంగతి ఉంది. అది ఎవరైనా కూపీ లాగితే రెండు ఉద్యోగాలు ఊడతాయి. అందుకే ఈమధ్య తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతోంది.

ఆ సంగతి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది. పేరు బక్కాయన. ఆవిడ చేరిన కొత్తలో వేళ్ళు ఎక్కడ పెట్టాలో అన్న దగ్గర్నుంచి అన్నీ నేర్పింది ఆయనే. ఇప్పుడాయనకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషనుకి వచ్చే నెలలో తేదీ ఇచ్చారు. ఈలోగా కళ్ళు కనబడటం లేదని పైకి తెలిస్తే ఆ కుర్చీలో ఉంచరు. ఆపరేషను అయ్యి కళ్ళు బాగుపడ్డాక రమ్మంటారేమో అనుకోవడానికి కూడా లేదు. అలా వెళ్ళినవాళ్ళు ఎవరూ మళ్ళీ రాలేదు.

ఆ గదిలో ప్రతి కాగితాన్నీ ఇద్దరు టైపు చేస్తారు. విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. ఇద్దరూ ఎక్కించినదాన్ని మిషను పోల్చి చూస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే ఆ కాగితం మూల కుర్చీలో ఉన్న కొత్తమ్మాయికి వెళ్తుంది, ఆమె ఏది ఒప్పో తేలుస్తుంది. ఇద్దరూ వేరువేరుగా చదివితేనే తప్పు దొరుకుతుంది కాబట్టి, పక్కవాళ్ళకి చదివి వినిపించడం అక్కడ అన్నిటికన్నా పెద్ద నేరం. చేరిన రోజే ఆ మాట చెప్పి సంతకం పెట్టిస్తారు.

కూపీ అక్క, బక్కాయన ఒక జత. ఆవిడ తెర మీద ఉన్న కాగితమే ఆయన తెర మీదా ఉంటుంది. ఆయనకి అది మంచు పట్టిన అద్దం. అందుకని ఆవిడ కుర్చీ ఆయన భుజం పక్కకే జరుపుకుని, పెదాలు కదిపీ కదపకుండా చదువుతుంది, ఆయన తల తిప్పకుండా వింటూ టైపు చేస్తాడు. మధ్యలో కావాలనే ఒక తప్పు చెబుతుంది, ఇద్దరికీ తేడాలు అసలే రాకపోతే బాగుండదని. ఇన్నాళ్ళూ ఇది నడిచిందంటే ఆ ఫ్యాన్ల హోరు పుణ్యమే.

కంపెనీ మనిషి బల్ల బల్లకీ తిరిగాడు. ఒకరు తేలిగ్గా ఉండే లాప్‌టాప్ కావాలన్నారు, సంచిలో మోసి భుజం పడిపోతోందట. ఇంకొకరు ఛార్జింగు పొద్దుట్నించి సాయంత్రందాకా ఆగితే చాలన్నారు. కొత్తమ్మాయికి కెమెరా మీద చిన్న మూత కావాలట. ఇప్పుడు బొట్టుబిళ్ళంత కాగితం ముక్క అంటించుకుంటోంది. కిటికీ పక్కావిడ, "అప్‌డేట్ అంటూ సరిగ్గా పని మధ్యలో ఆగిపోకుండా ఉంటే అదే పదివేలు," అంది. బక్కాయనని అడిగితే, "మంచి కుర్చీ ఒకటి ఇప్పించు నాయనా," అన్నాడు. అందరూ నవ్వారు, కంపెనీ మనిషి కూడా నవ్వి అదీ ఎక్కించుకున్నాడు.

తర్వాత కుర్చీ లాక్కుని వాళ్ళిద్దరి వెనకాలే కూర్చున్నాడు.

"మీ జత గురించి పైవాళ్ళు చెప్పారండీ. ఈ గదిలో అందరికన్నా తక్కువ తేడాలు మీకేనట. ఇంత పాత మిషన్ల మీద అలా ఎలా చేస్తున్నారో కాసేపు చూడాలని ఉంది. నేనున్నానని పట్టించుకోకండి, మీ పని మీరు చేసుకోండి."

పైవాళ్ళకి ఏం పని, ఏ జతకి ఎన్ని తేడాలో మిషన్లు అమ్ముకునేవాడికి చెప్పడానికి? వీడు నిజంగా మిషన్ల మనిషేనా? కూపీ అక్క కార్డు మీద అక్షరాలు చదువుదామని చూసింది. అది తిరగబడి ఉంది.

"అయ్యో, హ్యాంగయింది," అని మీట నొక్కి మిషను ఆపేసింది. ఆ డబ్బా మళ్ళీ లేవాలంటే టీ తాగి రావచ్చు. బక్కాయన సంగతి అర్థం చేసుకుని కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఇందాక దూరం నుంచి చూశాను. టైపు చేసేటప్పుడు మీ పెదాలు కదులుతుంటాయి," అన్నాడు కంపెనీ మనిషి.

"అలవాటు. చదువుకునేటప్పుడు కూడా అంతే, మా అమ్మ తిట్టేది."

"ఈ చప్పుడుకి ఇబ్బందిగా లేదాండీ? మా కొత్త మోడల్లో ఫ్యానే ఉండదు. చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది."

"వద్దు వద్దు. చప్పుడు ఉండాలి," అనేసింది కూపీ అక్క.

అన్నాక నాలిక్కరుచుకుంది. కంపెనీ మనిషి వేలు టాబ్లెట్ మీద ఆగింది. "ఉండాలా? ఎందుకండీ?"

ఏదో ఒకటి చెప్పాలి, మాట మళ్ళించాలి. కళ్ళెత్తితే ఎదురుగా అద్దాల గదిలో సూపర్‌వైజరు కనిపించాడు. అందరూ ఆయన్ని గలగల అంటారు. నడుముకి ఇంత తాళాల గుత్తి వేలాడుతుంది. లోపల కుర్చీలోంచి లేస్తూనే దాన్ని ఆడిస్తాడు, తలుపు తీసేముందు ఇంకోసారి, బయటికొస్తూ మరోసారి. మహారాజావారు వేంచేస్తున్నారని తనకి తనే చాటింపు వేసుకుంటాడని మధ్యాహ్నం డబ్బాలు విప్పినప్పుడల్లా నవ్వుకునేవాళ్ళు.

"ఎందుకంటే ఏం చెప్పను బాబూ. మా ఖర్మ ఇంతే అని సరిపెట్టుకున్నాం," అంది గొంతు తగ్గించి, కానీ హోరులో వినబడేలా. "మిగతా గదులన్నిటికీ ఎప్పుడో కొత్తవొచ్చాయి. మాకే రాలేదు. అదిగో, ఆయన చెయ్యి విదల్చడు. వట్టి పిసినారి. పైవాళ్ళు ఇస్తామన్నా వద్దనే రకం. కావాలంటే అడిగి చూడండి."

కంపెనీ మనిషి కళ్ళు మెరిశాయి. ఆ మాట ఎక్కించుకున్నాడు. కాసేపటికి కుర్చీ వెనక్కి పెట్టేసి, మళ్ళీ థాంక్స్ చెప్పి అద్దాల గది వైపు వెళ్ళాడు. గండం గడిచిందని కూపీ అక్క గుండెలనిండా ఊపిరి తీసుకుంది. గలగలని ఇరికించినందుకు కాస్త సరదా కూడా వేసింది, అబద్ధమెందుకు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతంతా మొగుడికి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. గ్రీజు వదలని చేతులతో బీన్స్ గిల్లుతూ విన్నాడు.

"నీకు ప్రతివాడూ గూఢచారే. వాడి బతుకు తెరువు వాడిది," అన్నాడు.

"తేడాలు తక్కువని వాడికెందుకు చెప్పారు మరి?"

"ఎందుకంటే తక్కువ కాబట్టి. నువ్వే ఇంకో రెండు తప్పులు చెప్పి ఉండాల్సింది."

"నవ్వులాటగా ఉందా మీకు? బక్కాయనని రేపు ఇంటికి పంపేస్తే?"

ఆయన నవ్వు ఆపేశాడు. "చప్పుడు పోతే ఇబ్బందే. మేమూ ఒక చోట కొత్త లిఫ్టు పెట్టాం, కూత లేదు, కుయ్యి లేదు. జనం అది వస్తోందో లేదో తెలీక మీట నొక్కుతూనే ఉన్నారు. మీట విరిగింది కానీ నమ్మకం కుదర్లేదు," అన్నాడు. తర్వాత బీన్స్ గిన్నె ఆవిడ ముందుకి జరిపి, "ఆ గదిలో ఇంకెవరికైనా తెలుసా?" అని అడిగాడు.

"ఎవరికీ తెలీదు," అంది. అని, కొత్తమ్మాయి గుర్తొచ్చి ఆగింది.

కొత్తమ్మాయి మర్నాడు మంచినీళ్ళ దగ్గర ఎదురుపడింది. సీసా నింపుకుంటూ ఎటో చూస్తూ, "అక్కా, మీ జత తప్పులు భలే ఉంటాయి. అంకెలు ఎప్పుడూ తప్పవు, మందుల పేర్లు తప్పవు. ఊరికే ఇంటి చిరునామాలో ఒక అక్షరం పోతుంది. అది కూడా ఒకే చోట," అంది.

"అంటే?"

"అంటే ఏం లేదు. చక్కగా ఉంటాయని," అని సీసా మూత బిగించి వెళ్ళిపోయింది.

కూపీ అక్క అక్కడే నిలబడిపోయింది. చేతిలో గ్లాసు నిండి పొర్లి చెప్పుల మీద పడేదాకా చూసుకోలేదు. అయితే ఇదన్నమాట. మూల కూర్చుని అన్నీ గమనించి ఈ పిల్లే పైకి చేరేసింది. ఆ మర్యాద మనిషిని రప్పించింది ఇందుకే. ఒక చెవికి ఇయర్‌ఫోను పెట్టుకుని రెండో చెవి ఖాళీగా ఉంచుకుంటుందేమిటా అని ఎప్పట్నుంచో అనుకుంటూనే ఉంది. బక్కాయనకి ఈ మాట చెప్పలేదు. చెబితే ఆయన తనంతట తనే రాజీనామా ఇచ్చేసే రకం. ఆ రోజంతా ఆవిడ చదువుతున్నంతసేపూ ఒక కన్ను తెర మీద, ఇంకో కన్ను మూల కుర్చీ మీద. కావాలని చెప్పే తప్పులు ఒక్కోటీ ఒక్కో చోట వేసింది. ఒకసారి ఏది కావాలని చెప్పిందో, ఏది నిజంగా తప్పు చదివిందో తనకే తెలియలేదు. ఇద్దరూ ఒకటే తప్పు ఎక్కిస్తే ఆ మిషను పట్టుకోలేదు, ఎవరో జబ్బుమనిషి క్లెయిము ఎక్కడో ఆగిపోతుంది. వెనక్కి వెళ్ళి ఆ కాగితం మొత్తం మళ్ళీ సరిచూసుకుంది.

సెలవు రోజు గడిచాక వచ్చేసరికి గది గదిలా లేదు.

ప్రతి బల్ల మీదా పల్చటి కొత్త మిషను ఉంది, పుస్తకం తెరిచి నిలబెట్టినట్టు. పాత డబ్బాలన్నీ వైర్లు పీకి గోడవారగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కంపెనీ మనిషి ఇస్త్రీ చొక్కాలో గుమ్మం దగ్గరే నిలబడి, "ఈ వారం వాడి చూడండి. మీ పైవాళ్ళే ఒప్పుకున్నారు. మీరడిగినవి చాలావరకు వీటిలో ఉన్నాయి. కెమెరాకి మూత కూడా ఉంది," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. అయినా గది చివరిదాకా వినబడింది.

మిషన్లు ఆన్ అయ్యాయి. ఏ చప్పుడూ రాలేదు.

అంత నిశ్శబ్దం ఆ గది ఎప్పుడూ ఎరగదు. గోడ గడియారం ఉందని ఇవాళే తెలిసింది. కిటికీ పక్కావిడ కడుపు గుర్రుమంటే అందరూ విన్నారు, ఆవిడ సిగ్గుపడి నీళ్ళు తాగితే గుటకలు కూడా విన్నారు. మీటలు కూడా మెత్తగా, పత్తి మీద నొక్కినట్టున్నాయి. ఒకళ్ళిద్దరు తెర ఎంత బాగుందో అనుకున్నారు, అనుకుని తమ గొంతుకి తామే బెదిరి ఊరుకున్నారు.

మొదటి కాగితం తెర మీదికి వచ్చింది. కూపీ అక్క పెదాలు విప్పి మూసేసింది. ఊపిరి వదిలినా మూడు బల్లల అవతలికి తెలిసేట్టుంది. కంపెనీ మనిషి గది మధ్యలో చేతులు కట్టుకుని తిరుగుతున్నాడు. పక్కన బక్కాయన వేళ్ళు మీటల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుచూస్తున్నాడు. ఆవిడ చదవదని అర్థమయ్యాక మెల్లగా ముందుకి వంగాడు, ముక్కు తెరకి ఆనేదాకా. ఒక మీట నొక్కాడు. ఆగాడు. ఇంకోటి నొక్కాడు.

అలా కొన్ని కాగితాలు గడిచాయి. ప్రతి కాగితానికీ మూల కుర్చీలోని కొత్త మిషను చిన్నగా టింగుమంది. తేడా వచ్చినప్పుడల్లా అలా మోగేట్టు పెట్టారట, అది కొత్త సదుపాయం. కొత్తమ్మాయి తలెత్తి ఇటు చూసింది. మళ్ళీ టింగుమంది. కంపెనీ మనిషి కూడా అటు చూశాడు. కూపీ అక్కకి ఏడుపొచ్చింది. పక్కనే ఉండి, అంత స్పష్టంగా కనబడుతున్న అక్షరాలు ఆయనకి అందించలేక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు అద్దాల గదిలో ఫోను మోగింది.

ఇన్నేళ్ళలో ఆ ఫోను మోగడం వాళ్ళెప్పుడూ వినలేదు. గలగల దాన్ని ఎత్తడం మాత్రం రోజూ చూసేవాళ్ళు, మాటలాడకుండా పెదాలాడించే చేపలా కనబడేవాడు. ఇవాళ ఆ మాటలు తలుపు కింద సందులోంచి బయటికి నడిచి వచ్చాయి. తన గొంతు బయటికి వినబడుతోందని ఆయనకి తెలియదు.

"నమస్కారమండీ... చేరాయండీ, అన్నీ బిగించారు... అవునండీ, నేనే వద్దన్నాను. పోయినసారీ నేనే వద్దన్నాను... కారణమంటే... పాతవి నడుస్తున్నాయి కదండీ అని."

గదిలో ఎవరి వేళ్ళూ కదలడం లేదు.

"ఏమన్నారు?... పిసినారి అనా?... అని ఉంటారండీ. నా బుద్ధి అంతే అనుకోండి... వద్దండీ, ఎవరన్నారో నాకు చెప్పొద్దు. ఆ మాట నిజమే... సంజాయిషీ రాసి ఇవ్వాలా? ఇస్తానండీ. ఈ గదిలోవాళ్ళకి దాంతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళ పని చూడండి, తప్పుంటే నన్నడగండి."

కూపీ అక్క మొహం వేడెక్కిపోయింది. తన మాట తనకే, ఆయన గొంతులో, అంత సౌమ్యంగా తిరిగొచ్చింది. పైవాళ్ళు ఇస్తామన్నా వద్దనే రకం అని తను సరదాకి అన్నది అక్షరాలా నిజమే. ఎందుకు వద్దన్నాడు? ఆయన జేబులోది ఏం పోతుంది? గోడవార ఉన్న డబ్బాల వైపు చూసింది. వాటి హోరు చెవుల్లో గుర్తొచ్చింది. ఆ హోరులో కూడా తమకి వినబడేది ఒకే ఒక్కటి, ఆ తాళాల గుత్తి. లేవగానే ఒకసారి, తలుపు దగ్గర ఒకసారి, బయట అడుగుపెడుతూ ఒకసారి. ఆ గలగల వినగానే తను పెదాలు మూసుకునేది. ఆయన తన బల్ల దాకా వచ్చేసరికి ఎప్పుడూ పనిలో మునిగిపోయి ఉండేది. ఒక్కసారి కూడా ఆయన చప్పుడు చెయ్యకుండా రాలేదు.

ఆయనకి తెలుసు. మొదట్నుంచీ తెలుసు.

ఊళ్ళో అందరి కూపీలూ లాగినదానికి, ఎదురుగా అద్దాల గదిలో ఉన్నది మాత్రం కనబడలేదు. ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తెరుచుకుంది. ఇవాళ తాళాలు మోగలేదు. గుత్తిని పిడికిట్లో బిగించి పట్టుకుని వచ్చాడు. నిశ్శబ్దంలో అది మరీ గట్టిగా వినబడుతుందని కాబోలు. కూపీ అక్క లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి జరిగి కిర్రుమంది.

"సార్, ఆ మాట అన్నది..."

"మీ డబ్బా ఏదమ్మా ఇందులో?" అన్నాడు ఆయన, ఆవిడ మాట పూర్తి కానివ్వకుండా, గోడవైపు చూపిస్తూ.

ఆవిడకి అర్థం కాలేదు. అయినా వేలు చూపించింది. అన్నిటికన్నా కింద, పక్కన రేకు సొట్టపడ్డది. గదిలో అన్నిటికన్నా రోద పెట్టేది అదే.

ఆయన పైనున్నవి దించాడు. బక్కాయన చప్పున లేచి, తడుముకుంటూ వెళ్ళి ఒకదాన్ని అందుకోబోతే, "మీరు కూర్చోండి," అన్నాడు. కొత్తమ్మాయి ఎప్పుడు లేచిందో, వచ్చి రెండోవైపు పట్టుకుంది. ఇద్దరూ సొట్టడబ్బాని మోసుకొచ్చి కూపీ అక్క బల్లకీ బక్కాయన బల్లకీ మధ్య నేలమీద పెట్టారు. పెడుతూ కొత్తమ్మాయి ఆవిడ చెవి దగ్గర, "చిరునామాలోనే వెయ్యండక్కా తప్పు. అవి నాకు తేలిక," అని తన మూలకి వెళ్ళిపోయింది. కూపీ అక్క ఆ పిల్ల వీపు వైపే చూస్తూ ఉండిపోయింది.

గలగల వంగి ఒక్క కరెంటు వైరు మాత్రం గోడకి తగిలించాడు. తెర లేదు, మీటలు లేవు, ఏమీ లేవు. బటన్ నొక్కాడు. సొట్టడబ్బా ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుని, హోరెత్తింది.

కంపెనీ మనిషి దగ్గరికి వచ్చాడు. "ఇదెందుకండీ? దీనికి ఏమీ కనెక్ట్ అవలేదు."

"అవలేదు."

"మరి?"

"ఏం కావాలో అడగడానికే కదా మీరొచ్చింది. ఈ గదికి ఇది కావాలి. మీ దాంట్లో ఎక్కించుకోండి."

కంపెనీ మనిషి టాబ్లెట్ తీశాడు. ఏం ఎక్కించాలో తెలియక, డబ్బా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూశాడు. "కానీ ఎందుకని రాయను?"

"అలవాటు అని రాయండి," అని సూపర్‌వైజరు వెనక్కి తిరిగాడు. నడుస్తూ పిడికిలి వదిలేశాడు. తాళాలు ఎప్పట్లాగే మోగాయి. ఎవరూ నవ్వలేదు. అద్దాల గదిలోకి వెళ్ళి, కుర్చీని గోడవైపు తిప్పుకుని, వీపు గదికి పెట్టి కూర్చున్నాడు. కాగితం ముందుకి లాక్కుని ఏదో రాయడం మొదలుపెట్టాడు. సంజాయిషీ అయి ఉంటుంది.

కూపీ అక్క కూర్చుంది. బక్కాయన అప్పటికే మీటల మీద వేళ్ళు పెట్టుకుని, తల తిప్పకుండా ఎదురుచూస్తున్నాడు. ఆయన కళ్ళజోడు వెనక నీళ్ళున్నాయో, శుక్లాలే అలా మెరుస్తున్నాయో ఆవిడకి తెలియలేదు.

"చదువమ్మా," అన్నాడు.

ఆవిడ తెరమీది కాగితం చూసింది. ఎవరిదో కాలు విరిగింది, మెట్ల మీంచి జారి. మొదటి మాట హోరులో కలిసిపోయింది. ఆయనకి వినబడలేదు. రెండోసారి కొంచెం గట్టిగా చదివింది.